లక్ష్యవేధపు రైఫిలుకు దూరదర్శిని

వెయ్యి గజాలు అంటే 914 మీటర్లు. అంత దూరాన నిలబెట్టిన గురిపలక మధ్యలో 10 అంగుళాల వ్యాసం గల వృత్తమొకటి, దాని నడుమ 5 అంగుళాల వ్యాసంతో మరొకటి గీసి ఉంటాయి. పెద్ద వృత్తంలో గుండు తగిలితే పది మార్కులు. చిన్న వృత్తంలో తగిలినా పదే గాని, ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చినప్పుడు తీర్పు చెప్పడానికి దానిని వేరుగా లెక్కపెడతారు. ఎఫ్-క్లాస్ అనే రైఫిలు పోటీకి అమెరికాలో వాడే పలక కొలతలివి. పది అంగుళాలంటే పాతిక సెంటీమీటర్లు. మనం అన్నం తినే పళ్ళెమంత. ఆ పళ్ళేన్ని కిలోమీటరుకు కొంచెం తక్కువ దూరంలో ఉంచి, నేలమీద బోర్లా పడుకొని, రైఫిలు ముందు భాగాన్ని రెండు కాళ్ళ ఊతంమీద గాని ఒక పీటమీద గాని ఆనించి, దానిమీద బిగించిన దూరదర్శినిలోనుంచి చూస్తూ కొట్టడమే ఆ పోటీ.

ఇందులోకి కొత్తగా దిగేవాడు దూరదర్శిని కొనబోయేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న, “ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?” అన్నది. అమ్మకపు పట్టికలలో మొదట అచ్చయ్యే అంకె కూడా అదే. ‘10-40×50’ అని ఉంటే పది రెట్లనుంచి నలభై రెట్లవరకు ఆవర్ధనాన్ని మార్చుకోవచ్చుననీ, ముందున్న వస్తుకటకం వ్యాసం 50 మిల్లీమీటర్లనీ అర్థం. నలభై కంటె యాభై మేలు, యాభై కంటె అరవై మేలు అని అతడు అనుకోవడం సహజమే. కాని రైఫిలుమీద దూరదర్శిని చేసే అసలు ఉపకారం వేరు. అది తెలియాలంటే దూరదర్శిని లేని రైఫిలుతో గురి చూసేవాడి కష్టమేమిటో ముందు తెలుసుకోవాలి.

మూడు దూరాలు, ఒక కన్ను

మామూలు గురితో కొట్టేవాడు మూడింటిని ఒకే గీతలోకి తేవాలి: కంటి దగ్గర ఉండే వెనుక రంధ్రం, గొట్టం కొసన ఉండే ముందు గురి, ఎదుట ఉన్న పలక. కంటి కటకం ఒక క్షణంలో ఒక దూరానికే సర్దుకోగలదు. ముందు గురి ఇంచుమించు ఒక మీటరు దూరంలో ఉన్నది. పలక వందల మీటర్ల అవతల ఉన్నది. ఒకటి స్పష్టమైతే రెండవది మసకబారుతుంది. వెనుక గురిని సన్నని రంధ్రంగా చేయడంలో ఉపాయమంతా ఇక్కడే ఉన్నది. సూదిబెజ్జం కెమెరాలో దగ్గరివీ దూరానివీ కూడా ఒక మాదిరిగా స్పష్టంగా పడినట్లే, ఆ రంధ్రంగుండా చూసినప్పుడు ముందు గురి, పలక రెండూ పనికివచ్చేంత స్పష్టంగా కనిపిస్తాయి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు కాంస్య పతకం గెలుచుకున్నది ఇటువంటి రంధ్రపు గురితోనే. ఒలింపిక్ రైఫిలు పోటీలలో దూరదర్శినిని అసలు అనుమతించరు. అక్కడ పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే!

పడుచు కళ్ళకు ఈ ఉపాయం చాలు. నలభై దాటిన తరువాత చత్వారం వస్తుంది. కంటి కటకం బిరుసెక్కి, దూరాన్నిబట్టి సర్దుకొనే శక్తి తగ్గిపోతుంది. దశాబ్దాలపాటు సాధన చేసి, గాలిని చదవడంలో ఆరితేరినవారు కూడా ముందు గురి మసకబారినందువలన పోటీలనుంచి తప్పుకోవలసి వచ్చేది. కెనడాలో జార్జ్ ఫార్కర్సన్ అనే షూటరు ఇట్టివారికోసం దూరదర్శినిని, ఊతాన్ని అనుమతించే పోటీ ఒకటి ఉండాలని పూనుకున్నాడు. ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరమే ఎఫ్-క్లాస్‌లోని ఎఫ్. మొదటి ప్రపంచ పోటీలు 2002లో కెనడాలోనే, ఒటావా నగరం దగ్గర జరిగాయి. ఇప్పుడు అన్ని వయస్సులవారూ పాల్గొంటున్నారుగాని, పుట్టుక మాత్రం ముసలి కళ్ళకోసమే.

ఆ కళ్ళకు దూరదర్శిని ఇచ్చినదేమిటి? పలకను పెద్దది చేసి చూపడం ఒకటి. అంతకంటె ముఖ్యం, గురి గుర్తునూ పలకనూ ఒకే తలంలోకి తెచ్చి పెట్టడం. అప్పుడు కన్ను రెండు దూరాలకు సర్దుకోవలసిన పనే లేదు.

గొట్టంలో సాలెపోగు

గెలీలియో వాడిన దూరదర్శినిలో కంటివైపు కటకం పుటాకారం. దానిలో గొట్టం లోపల ఎక్కడా నిజ ప్రతిబింబం ఏర్పడదు. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకాలతో దూరదర్శినిని వర్ణించాడు. ఇందులో వస్తుకటకం తన నాభి దగ్గర తలకిందులైన నిజ ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. ఆ ప్రతిబింబాన్ని అక్షికటకం భూతద్దంలాగ పెద్దది చేసి చూపుతుంది. 1640 ప్రాంతంలో ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఉండే విలియం గాస్కోయిన్ అనే యువకుడి దూరదర్శినిలో ఒక సాలెపురుగు పోగు పెట్టిందట. చూడబోతే ఆకాశంలోని దృశ్యంతోపాటు ఆ పోగు కూడా తేటగా కనిపించినది. అది సరిగ్గా ప్రతిబింబం ఏర్పడే తలంలో ఉండడమే దానికి కారణం. గాస్కోయిన్ ఆ సూచన పట్టుకొని దూరదర్శినిలో అడ్డుతీగలు అమర్చాడు, నక్షత్రాల మధ్య కోణాలు కొలిచే సూక్ష్మమాపకాన్ని చేశాడు. 1644లో అంతర్యుద్ధంలో చనిపోయాడు. భూమిని కొలిచే థియొడొలైటుకూ, మన కళాశాలల ప్రయోగశాలలోని స్పెక్ట్రోమీటరుకూ, రైఫిలుమీది దూరదర్శినికీ ఆ సాలెపోగే మూలం.

రైఫిలు దూరదర్శినిలో మరి రెండు విశేషాలున్నాయి. ప్రతిబింబం తలకిందులుగా ఉంటే పనికిరాదు గనుక, లోపల ఇంకొక సన్నని గొట్టంలో కొన్ని కటకాలను ఉంచి దానిని మళ్ళీ నిటారు చేస్తారు. గురిని పైకీ పక్కకూ మార్చే మరలు ఈ లోపలి గొట్టాన్నే నెడతాయి. అడ్డుతీగలను ఇప్పుడు ఎక్కువగా గాజుబిళ్ళమీద చెక్కుతారు.

దృష్టి విక్షేపం

ఇంతవరకు అంతా సవ్యంగానే ఉన్నది. చిక్కెక్కడంటే, ప్రతిబింబం ఏర్పడే చోటు స్థిరమైనది కాదు; వస్తువు దూరాన్నిబట్టి మారుతుంది. వస్తుకటకం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు అనుకోండి. 100 గజాల దూరాన ఉన్న పలక ప్రతిబింబం నాభికి 0.44 మిల్లీమీటరు వెనుక పడుతుంది. 1000 గజాల పలక ప్రతిబింబం 0.04 మిల్లీమీటరు వెనుక పడుతుంది. ఈ రెండింటికీ తేడా 0.4 మిల్లీమీటరు, పోస్టుకార్డు మందం వంటిది. అడ్డుతీగలు 100 గజాల ప్రతిబింబం పడేచోట బిగించి ఉంటే, 1000 గజాల పలకను చూసేటప్పుడు తీగలూ ప్రతిబింబమూ రెండు వేరువేరు తలాలలో ఉన్నట్లే. అంటే పాత కష్టం చిన్న రూపంలో తిరిగి వచ్చినదన్నమాట.

రెండు వస్తువులు వేరువేరు దూరాలలో ఉన్నప్పుడు, చూసేవాడు తల కదిలిస్తే వాటిలో ఒకటి రెండవదానికి ఎడంగా జరిగినట్లు కనిపిస్తుంది. దీనినే పారలాక్స్ లేదా దృష్టి విక్షేపం అంటారు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో కుంభాకార కటకం నాభ్యంతరం కనుగొనేటప్పుడు విద్యార్థి ఏమి చేస్తాడు? పిన్ను ప్రతిబింబం ఎదుట రెండవ పిన్ను ఉంచి, తలను అటూ ఇటూ ఊపుతాడు. రెండింటి కొనలూ విడిపోకుండా కలిసి కదిలితే రెండూ ఒకే చోట ఉన్నాయని తెలుసుకుంటాడు. రైఫిలు వెనుక పడుకున్నవాడు చేయవలసిన పరీక్ష కూడా అచ్చంగా అదే. పిన్నుకు బదులు అడ్డుతీగలు, అంతే.

ఈ దోషం ఎంతవరకు పోతుందో లెక్క కట్టడం కష్టం కాదు. 100 గజాలకు బిగించిన దూరదర్శినిలో అడ్డుతీగలు, వస్తుకటకంనుంచి చూస్తే, 100 గజాల దూరాన నిలబెట్టినట్లే. కన్ను సరిగ్గా మధ్యలో ఉంటే చూపు వస్తుకటకం కేంద్రంగుండా పోతుంది. కన్ను ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినదనుకోండి. పది రెట్ల దూరదర్శినిలో కంటి దగ్గర ఒక మిల్లీమీటరంటే వస్తుకటకం దగ్గర పది మిల్లీమీటర్లు. చూపు ఇప్పుడు కేంద్రానికి ఒక సెంటీమీటరు పక్కన బయలుదేరి, 100 గజాల దగ్గర తీగలున్న చోట మధ్యగీతను దాటి, అవతలివైపుకు పోతూ ఉంటుంది. బావి దగ్గరి ఏతాన్ని తలచుకోండి. ఇరుసుకు ఈవైపు ఒక మూర, ఆవైపు తొమ్మిది మూరలు ఉన్న దూలం ఈ కొస ఒక జానెడు లేస్తే ఆ కొస తొమ్మిది జానలు దిగుతుంది. ఇక్కడ ఇరుసు 100 గజాల దగ్గర ఉన్నది, ఆవలి కొస మరి 900 గజాల దూరాన ఉన్నది. కాన ఒక సెంటీమీటరు తొమ్మిది సెంటీమీటర్లవుతుంది.

పలకమీద చిన్న వృత్తం వ్యాసార్ధం 6.35 సెంటీమీటర్లు, పెద్దదాని వ్యాసార్ధం 12.7. తల ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగినందుకే గుండు చిన్న వృత్తాన్ని దాటిపోయినది. అడ్డుతీగలు మాత్రం పలక నట్టనడుమనే నిలిచి ఉన్నట్లు కనిపిస్తాయి! కన్ను వస్తుకటకపు అంచుగుండా చూసేంత పక్కకు పోతే, 25 మిల్లీమీటర్లు తొమ్మిది రెట్లయి 22.5 సెంటీమీటర్లవుతుంది, గుండు తొమ్మిది మార్కుల వలయంలో పడుతుంది. ఇది పై హద్దు. కంటిపాప బిందువు కాదు, దానికీ కొంత వెడల్పున్నది గనుక అసలు తప్పు దీనికంటె తక్కువగానే ఉంటుంది. అయినా దెబ్బకొక విధంగా తల పెట్టేవాడికి గుండ్లు ఎందుకు చెదిరిపోతున్నవో ఈ లెక్క చెబుతుంది. తప్పు గాలిదనీ, మందుగుండుదనీ వాళ్ళూ వీళ్ళూ అనుకోవడం కద్దు.

ఇదే లెక్కలో ఇంకొక ముచ్చట ఉన్నది. చిన్న పాయింట్ ట్వంటీటూ రైఫిలుకోసం తయారైన దూరదర్శినులను చాలావరకు 50 గజాలకు బిగిస్తారు. దానితో 1000 గజాల పలక చూస్తే ఆవలి దూలం 950 గజాలు, ఈవలిది 50. తొమ్మిది సెంటీమీటర్లకు బదులు పందొమ్మిది. పోనీ 500 గజాలకు సరిచేస్తే? రెండు వైపులూ సమానం. ఒక సెంటీమీటరుకు ఒక సెంటీమీటరే. ఇంకా ముందుకు పోయి అనంత దూరానికి సరిచేస్తే చూపుగీతలన్నీ సమాంతరమవుతాయి, అప్పుడు కూడా తప్పు ఒక సెంటీమీటరే. అంటే అసలు దూరంకంటె దగ్గరకు సరిచేస్తే శిక్ష పెద్దది. దూరానికి సరిచేస్తే స్వల్పం. వెయ్యి గజాల పోటీకి దూరదర్శిని ఎంచుకొనేవాడు మొదట చూడవలసినది, పారలాక్స్ సరిచేసే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నది. కొన్నింటిలో ఇది వస్తుకటకం చుట్టూ తిరిగే కట్టుగాను, ఇప్పటివాటిలో ఎక్కువగా ఎడమ పక్కనుండే పిడిగాను ఉంటుంది. పడుకొన్న చోటినుంచి చేయి చాచకుండా అందుతుంది గనుక పక్క పిడి సుఖం.

పిడిమీద గజాలో మీటర్లో అంకెలు చెక్కి ఉంటాయి. వాటిని నమ్మి ఊరుకోకూడదు. మొదట దూరదర్శినిని ఆకాశంవైపో తెల్లగోడవైపో తిప్పి, అడ్డుతీగలు నల్లగా తేటగా కనిపించేదాకా అక్షికటకాన్ని తిప్పాలి. (సూర్యునివైపు మాత్రం ఎన్నడూ తిప్పరాదు, కన్ను పోతుంది.) ఎక్కువసేపు తేరిపార చూస్తూ ఉంటే కన్నే సర్దుకొని మసకను కూడా స్పష్టం చేసుకొంటుంది, కాబట్టి చూపు మరల్చి, మళ్ళీ ఒక్క క్షణం చూసి నిర్ణయించుకోవాలి. తరువాత పలకను చూస్తూ పక్క పిడి తిప్పి బొమ్మను స్పష్టం చేయాలి. ఆఖరున రైఫిలు కదలకుండా ఉంచి తలను కొద్దిగా పైకీ కిందికీ ఊపాలి. తీగలు పలకమీద జారితే పిడిని ఇంకొంచెం సర్దాలి. స్పష్టంగా కనిపించినంత మాత్రాన దోషం లేదనుకోవడం తప్పు. స్పష్టత కంటి సహాయంతో వచ్చినది కావచ్చు, తల ఊపే పరీక్ష మాత్రం కంటికి లొంగదు.

దీనిని తరగతిలో చూపవచ్చు. 50 సెంటీమీటర్ల నాభ్యంతరం, 5 సెంటీమీటర్ల నాభ్యంతరం గల రెండు కుంభాకార కటకాలను ఒకదానిలో ఒకటి జారే అట్ట గొట్టాలకు అమర్చితే పది రెట్ల దూరదర్శిని అవుతుంది. అట్ట ఉంగరానికి తలవెంట్రుక అంటించి లోపల జరుపుకొనేటట్లు పెట్టాలి. కిటికీలోనుంచి దూరపు తాటిచెట్టును చూస్తూ వెంట్రుకను సరిచేసి, తరువాత పది మీటర్ల దూరాన ఉన్న నల్లబల్లను చూస్తే, వెంట్రుకను దాదాపు 2.6 సెంటీమీటర్లు కంటివైపుకు జరపవలసి వస్తుంది. జరపకుండా తల ఊపితే వెంట్రుక బల్లమీది అక్షరాలమీద నడిచిపోవడం వెనుక బెంచీ విద్యార్థికి కూడా అర్థమవుతుంది.

ఎన్ని రెట్లు కావాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కాంతి తరంగాలు వస్తుకటకపు అంచు దగ్గర వివర్తనం చెందుతాయి గనుక ఎంత మంచి కటకమైనా ఒక హద్దుకు మించి సూక్ష్మాంశాలను విడదీయలేదు. 50 మిల్లీమీటర్ల కటకానికి ఆ హద్దు సుమారు 2.3 కోణ సెకండ్లు. (డిగ్రీలో అరవయ్యవ వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యవ వంతు సెకండు, మన జ్యోతిష గణితంలోని కళ, వికళలే ఇవి.) వెయ్యి గజాల దగ్గర 2.3 సెకండ్లంటే ఒక సెంటీమీటరు. మామూలు కన్ను ఒక నిమిషం, అనగా 60 సెకండ్లు, విడదీయగలదు. కటకం ఇచ్చిన 2.3ను 60కి పెంచడానికి 26 రెట్లు చాలు. ఆపైన పెంచినకొద్దీ బొమ్మ పెద్దదవుతుందిగాని అందులో కొత్త వివరమేమీ చేరదు. ముసలి కంటికి కొంచెం సుఖంగా ఉండడం తప్ప.

గుండుపడిన చిల్లు కనిపిస్తుంది కదా అని కొందరు పెద్ద ఆవర్ధనం కోరుకుంటారు. ఈ పోటీలలో ఎక్కువగా వాడే పాయింట్ త్రీనాటెయిట్ గుండు మందం 7.8 మిల్లీమీటర్లు, పై లెక్క ప్రకారం వెయ్యి గజాల దగ్గర అది హద్దుకు లోపలే పడిపోతుంది. అందుకే పలక దగ్గర గోతిలో ఉండే మనుషులు ప్రతి దెబ్బకూ పలకను కిందికి దించి, చిల్లులో ఒక బిళ్ళ గుచ్చి తిరిగి పైకెత్తుతారు. షూటరు చూసేది ఆ బిళ్ళను.

ఆవర్ధనం పెరిగేకొద్దీ కొన్ని పోతాయి కూడా. వస్తుకటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే, దూరదర్శిని వెనుక కంటి దగ్గర పడే కాంతి వృత్తం వ్యాసం వస్తుంది. పది రెట్లకు 5 మిల్లీమీటర్లు, ఇరవై అయిదుకు 2, యాభైకి 1. పగటివెలుతురులో కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకొని ఉంటుంది. ఒక మిల్లీమీటరు వృత్తమంటే కంటిపాప సగం కూడా నిండదు. బొమ్మ చీకటిగా ఉంటుంది, తల ఏమాత్రం కదిలినా దృశ్యం అంచునుంచి నల్లబడుతుంది.

అన్నిటికంటె పెద్ద అడ్డంకి గాలి. వేసవి మధ్యాహ్నం తారురోడ్డుమీద గాలి నీళ్ళలాగ వణకడం అందరూ చూసినదే. వేడెక్కిన నేలనుంచి లేచే గాలి పొరలలో సాంద్రత మారుతూ ఉండడం వలన కాంతి క్షణక్షణానికి ఒక్కొక్క వైపుకు వంగుతుంది. షూటర్లు దీనిని కూడా ఎండమావి అనే అంటారు. లేని నీళ్ళు కనిపించే అసలు ఎండమావికీ దీనికీ కారణం ఒకటే వక్రీభవనం కనుక ఆ పేరుతో పెద్ద పేచీ లేదు. దూరదర్శిని పలకతోపాటు ఈ వణుకునూ అన్నే రెట్లు పెంచుతుంది. నలభై రెట్ల దగ్గర ఉదయం తేటగా ఉన్న వృత్తం మధ్యాహ్నానికి ఉడుకుతున్న అన్నంలా కదులుతూ ఉంటుంది. అప్పుడు ఇరవైకో పాతికకో దించుకొంటారు. ఒకే ఆవర్ధనం ఉన్న దూరదర్శినికి ఈ వెసులుబాటు లేదు. అయితే అది తేలిక, లోపల కదిలే భాగాలు తక్కువ.

ఈ వణుకు శత్రువు మాత్రమే కాదు. పక్కనుంచి గంటకు పది మైళ్ళ గాలి వీస్తే, పాయింట్ త్రీనాటెయిట్ గుండు వెయ్యి గజాలు పోయేసరికి రెండు మీటర్లకు పైగా పక్కకు తోసుకుపోతుంది. గాలి ఒక్క మైలు మారితే ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు తేడా, అనగా పది మార్కుల వృత్తమంత! గాలి లేనప్పుడు, లేదా గాలి సరిగ్గా ఎదురుగానో వెనుకనుంచో వచ్చేటప్పుడు వణుకు నిలువుగా పైకి లేస్తుంది. పక్క గాలికి ఏటవాలుగా పారుతుంది. గట్టి గాలికి పలక మీదుగా అడ్డంగా పరుగెత్తుతుంది. పలకకూ తమకూ మధ్యనున్న గాలిని చూడడానికి కొందరు నాభిని కొంచెం దగ్గరకు తెస్తారు. రైఫిలుమీది దూరదర్శినితో ఈ పని చేస్తే దృష్టి విక్షేపం తిరిగి వస్తుంది. కనుక గాలిని చదవడానికి పక్కన వేరే దూరదర్శినిని స్టాండుమీద పెట్టుకోవడం మేలు.

అడ్డుతీగలు, బరువు

అడ్డుతీగలు మొదటి ప్రతిబింబ తలంలో ఉంటే ఆవర్ధనంతోపాటు అవి కూడా పెద్దవవుతాయి. రెండవ తలంలో ఉంటే ఎప్పుడూ ఒకే సన్నంగా ఉంటాయి. దూరం తెలియని లక్ష్యాలను తీగలమీది గీతలతో కొలుచుకొనేవారికి మొదటిది అవసరం. ఎఫ్-క్లాస్‌లో దూరం ముందే తెలుసు, ఎక్కువ ఆవర్ధనంలో లావెక్కిన తీగ అయిదంగుళాల వృత్తాన్ని కప్పివేయకూడదు. కాబట్టి రెండవదే తగినది. బరువు సంగతి కూడా కొనేముందే చూసుకోవాలి. ఈ పోటీలో రెండు కాళ్ళ ఊతం వాడే తరగతిలో రైఫిలు మొత్తం 8.25 కిలోగ్రాములు మించరాదు. ఊతంతోపాటు దూరదర్శిని బరువు కూడా అందులోనే లెక్క. రెండవ తరగతిలో హద్దు 10 కిలోగ్రాములు.

టిక్కుల లెక్క

గురిని మార్చే మర తిప్పితే టిక్కు టిక్కుమని ఆగుతూ కదులుతుంది. ఒక్కొక్క టిక్కుకు చూపుగీత కొంత కోణం మారుతుంది. ఒక కోణ నిమిషం వెయ్యి గజాల దగ్గర 26.6 సెంటీమీటర్లు, ఇంచుమించు పది మార్కుల వృత్తమే. టిక్కుకు పావు నిమిషం అయితే గుండు 6.6 సెంటీమీటర్లు జరుగుతుంది. నిమిషంలో ఎనిమిదవ వంతు అయితే 3.3, మిలిరేడియనులో పదవ వంతు అయితే 9.1. గుండును అయిదంగుళాల వృత్తం నడుమకు తేవలసినవాడికి ఎనిమిదవ వంతు టిక్కు ఎందుకు ఇష్టమో ఈ అంకెలే చెబుతాయి.

మర ఎంత దూరం తిరుగుతుందో కూడా చూడాలి. గుండు భూమ్యాకర్షణకు పడిపోతూ పోతుంది గనుక, 100 గజాలకు సరిచేసిన గురిని పాయింట్ త్రీనాటెయిట్ రైఫిలుకు 1000 గజాలకు మార్చాలంటే 30 నుంచి 40 నిమిషాలు పైకి తిప్పవలసి వస్తుంది. దూరదర్శినికి మొత్తం 60 నిమిషాల కదలికే ఉంటే, నడుమనుంచి పైకి 30 మాత్రమే దక్కుతుంది. అందుకని దూరదర్శినిని ముందువైపుకు 20 నిమిషాల వాలు గల పట్టీమీద బిగిస్తారు. అప్పుడు పైకి 50 దాకా దొరుకుతుంది. పైగా ఇంత ఎత్తు తిప్పినప్పుడు రైఫిలు పక్కకు వాలకూడదు. 30 నిమిషాల ఎత్తుమీద ఒక్క డిగ్రీ వాలినా వెయ్యి గజాల దగ్గర గుండు 14 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, పది మార్కులు దాటి. తాపీవారి రసమట్టం వంటి చిన్న నీటిబుడగ గొట్టాన్ని దూరదర్శినికి తగిలించుకొనేది ఇందుకే.

మర చెప్పినంతా తిరుగుతున్నదా అన్నది కొన్నవాడు స్వయంగా పరీక్షించుకోవచ్చు. దీనికి ఒక్క గుండు కూడా పేల్చనక్కరలేదు. సరిగ్గా 100 గజాల (91.44 మీటర్ల) దూరాన గోడకు మీటరు స్కేలును నిలువుగా తగిలించి, దారానికి బరువు కట్టి వేలాడదీసి నిటారుతనం సరిచూసుకోవాలి. దూరదర్శినిని కదలని దిమ్మెకు గట్టిగా బిగించి, అడ్డుతీగల కూడలిని స్కేలుమీద ఒక గీతకు తెచ్చి, పారలాక్స్ లేకుండా సర్ది, ఎనిమిదవ వంతు మర అయితే 240 టిక్కులు తిప్పాలి. కూడలి 79.8 సెంటీమీటర్లు జరగాలి. 78 మాత్రమే జరిగితే టిక్కు చెప్పినదానికంటె నూటికి రెండు పాళ్ళకు పైగా చిన్నదన్నమాట. అది ప్రతిసారీ 78గానే ఉంటే నోటుపుస్తకంలో రాసుకొని లెక్కలో కలుపుకోవచ్చు. తరువాత 240 టిక్కులు వెనక్కు తిప్పి, కూడలి మొదటి గీతకు వచ్చిందో లేదో చూడాలి. స్క్రూగేజీలో తల వెనక్కు తిప్పినా స్క్రూ కొంతమేర కదలకుండా ఉండిపోయినట్లు, లోపలి గొట్టాన్ని ఎదురునెట్టే స్ప్రింగు బలహీనమైతే కూడలి ఒకసారి ఒకచోట, ఇంకొకసారి వేరొకచోట ఆగుతుంది. ఇట్టి దూరదర్శిని అరవై రెట్లు చూపినా సరే, దుకాణానికి తిరిగి ఇచ్చివేయవలసినదే.